బొగ్గుబాయి మీద పడవ

ఇప్పటి పిల్లలు ఆదివారం వస్తే బండ్లేసుకుని జలపాతాలకూ అడవులకూ పోతున్నారు. పోండి, మంచిదే. మా కాలంలో గోదావరిఖనిలో షికారంటే సినిమా, లేకపోతే గోదావరి ఒడ్డున కోడిని కోసుకుని వండుకు తినడం, మొగవాళ్లకైతే పేకాట. అంతకు మించి లేదు. అదీగాక ఆదివారం డ్యూటీ పడితే రెండింతల జీతం. అందుకే ఆదివారం ఇంట్లో కనబడ్డ మొగుణ్ణి చూసి, "ఏంది, డ్యూటీ దొరకలేదా?" అని అడిగేవాళ్లం. ఖాళీగా కూర్చుని ఆకాశం చూడడం అనే పని ఒకటుందని మాకెవరూ చెప్పలేదు.

అటువంటి ఊరి పక్కన, బొగ్గు తీసి వదిలేసిన గుంతలో జనాన్ని పడవ షికారుకు పంపే డ్యూటీ నాకు పడింది. నాకు ఈత రాదు. అప్పటిదాకా పడవ ఎక్కలేదు. చదువంటారా, నలభై దాటాక కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడికి పోయి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ చదువుతోనే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

నా పెనిమిటి భూమి లోపలి బాయిలో పనిచేసి రొమ్ము చెడగొట్టుకున్నాడు. ఆయన అన్‌ఫిట్ అయితే ఉద్యోగం నాకిచ్చారు. బెల్టు మీద కదిలిపోయే బొగ్గులోంచి రాళ్లు ఏరే పని. రేకుల షెడ్డు. బెల్టు మోత, దుమ్ము. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే గుడ్డ నల్లబడేది, కట్టుకోకపోతే ముక్కు నల్లబడేది. ఏళ్లకేళ్లు చేశాను. దగ్గు మొదలైంది. మా ఇంట్లో రెండు దగ్గులు, రెండు మంచాలు. దవాఖానలో డాక్టరమ్మ కాగితం రాసిస్తే, నన్ను బయటి గాలిలో పెట్టండని పార్కు పనికి మార్చారు. అప్పటికింకా తెలంగాణ రాలేదు. రోడ్ల మీద ధర్నాలు మాత్రం జోరుగా ఉన్నాయి.

పార్కన్నారు గానీ, నేను పోయిన రోజున అక్కడ పార్కు లేదు. పైనుంచే తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంత ఉంది, దాంట్లోంచి తీసి పోసిన మట్టిగుట్ట ఉంది. అంతే.

మా క్వార్టరుకు ఆ బాయి దగ్గరే. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే గూట్లో గిన్నెలు కదిలేవి. గిన్నెలు కదిలితే చాయ్ పెట్టే టైమైందని లెక్క. అన్నేళ్లు ఆ చప్పుడుతో చాయ్ పెట్టుకున్నాను గానీ, చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో పోయి చూడలేదు. పోనిచ్చేవాళ్లు కాదు కూడా. బాయి అంటే మొగవాళ్లు పోయే చోటు. మాకు తెలిసింది వాళ్లు పోవడం, రావడం.

ఆ రోజు అంచున నిలబడి కిందికి చూశాను. నా కాళ్లు వాటంతటవే రెండడుగులు వెనక్కి వేశాయి. మెట్లు. మనుషులు ఎక్కే మెట్లు కావు, ఒక్కో మెట్టు మీద మా కాలనీ లైను మొత్తం పడుతుంది. పైన ఎర్రమట్టి, దాని కింద పసుపు రాయి, తర్వాత బూడిదరంగు, అట్టడుగున నల్లగా ఒక గీత. ఆ గీత కోసమే ఇదంతా. గుంత అడుగున తమలపాకంత పచ్చటి నీటిమడుగు. అవతలి గట్టు మీద మేకలు మేస్తుంటే చీమల్లా ఉన్నాయి. గుడిలో నిలబడ్డప్పుడు కూడా నాకు అంత చిన్నగా అనిపించలేదు.

నా పక్కన సర్దారు నిలబడ్డాడు. సర్దారంటే పాతవాళ్లకు తెలుసు. భూమి లోపలి బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు ముందుగా తనొక్కడే పోయి, కర్రతో పైకప్పు కొట్టి చూసి, గట్టిగా ఉందని సుద్దముక్కతో గుర్తు పెట్టి, అప్పుడు మనుషులను పిలిచేవాడు. షిఫ్టు దిగేటప్పుడు అందరూ బయటపడ్డారో లేదో చూసేవాడూ ఆయనే. కండ్లలో పొర కమ్మి ఈయన కూడా మాలాగే పైపనికి వచ్చాడు. మా క్వార్టరు పక్క క్వార్టరే. నేను అన్నా అనేదాన్ని.

"ఏం చెల్లె, భయమైతుందా?" అన్నాడు.

"భయం గాదన్నా. గింత తవ్విండ్రా మనోళ్లు?"

"తవ్విండ్రు. గిది మిషన్లు తవ్వినయి. నేను భూమి లోపటోన్ని, నాకు గూడ గిది కొత్తనే." కర్ర ఆనించుకుని తల పైకెత్తాడు. "గింత పెద్ద కప్పు నేను ఎన్నడు కొట్టి చూడలె."

ఆకాశాన్ని అన్నాడు ఆ మాట. ఆయనతో అదే తమాషా. ఎక్కడ నీడ కనబడినా కర్రతో పైన కొట్టి గానీ కింద కూర్చోడు. పార్కులో తాటాకు పందిరి వేస్తే దాన్నీ కొట్టి చూశాడు. ఎలుక పడింది.

మా మీద ఒక కుర్ర ఆఫీసరు ఉండేవాడు, కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మేం తోటసారు అనేవాళ్లం. ఎక్కడెక్కడో దేశాల్లో పాడుబడ్డ గనులను షికారు చోట్లుగా మార్చారట, అది ఆయన తలకెక్కింది. మట్టిగుట్ట మీదికి నడకదారి, పైన పిట్టలు చూడ్డానికి మంచె, కింద వంటలు చేసుకునే చోటు, గుంతలో నీళ్లు నింపి పడవ. చేతులు ఊపుతూ చెప్పేవాడు.

"జనం ప్రకృతిలోకి రావాలి కాకా, అదే నా ఆశ."

"సారు, మేము ప్రకృతి లోపటికి పోయే బతికినం గద," అన్నాడు సర్దారు. "ఇంక జర పైకి రానియ్యుండ్రి."

కానీ ఆ పిల్లవాడు మంచివాడు. మాతో పాటు పార పట్టాడు. వేప, కానుగ, వెదురు పెట్టాం. మట్టిగుట్ట మీద మొక్క బతకడం ఒక గండం. అది నేల కాదు, భూమి కడుపులోంచి తెచ్చి తిరగేసి పోసిన రాళ్లకుప్ప. గుంట తీసి, చెరువు మట్టి తెచ్చి పోసి, చంటిపిల్లకు పట్టినట్టు నీళ్లు పట్టాం. రెండో వానాకాలానికి వెదురు నా తల దాటింది.

నీళ్ల సంగతి చెప్పాలి. బాయి నడిచినన్నాళ్లు పంపులు పెట్టి నీళ్లు తోడేవాళ్లు. పంపులు ఆపేశారు. ఆపాక నీళ్లు రాళ్ల సందుల్లోంచి, వానల్లోంచి, ఎవరూ పిలవకుండా వచ్చాయి. తమలపాకు చాప అయింది, చాప చెరువు అయింది. ఒక్కో మెట్టే మునిగింది. పొద్దున డ్యూటీకి పోగానే నేను చేసే మొదటి పని, ఇవాళ ఏ రాయి దాకా వచ్చిందో చూడడం. ఆ నీళ్లు బురదనీళ్లు కావు. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, చేతిలో తీసుకుంటే మాత్రం ఏ రంగూ లేదు. నీటికాకులు వచ్చాయి. తర్వాత కొంగలు. చలికాలంలో ఎక్కడివో బాతులు, గుంపులు గుంపులు. ఆ నీళ్లున్నాయని వాటికి ఎవరు చెప్పారో నాకు నేటికీ తెలియదు.

పడవ వచ్చాక ముందుగా మేమే ఎక్కి చూశాం. పడవ నడపడానికి గోదావరిలో చేపలు పట్టే మనిషిని తెచ్చుకున్నారు. ఆయన, సర్దారు, తోటసారు, నేను. నేను బల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కొంచెం దూరం పోయాక పడవాయన ఇంజను ఆపి, "కిందికి చూడుండ్రి" అన్నాడు.

వంగి చూశాను. మా కింద రోడ్డు ఉంది.

టిప్పర్లు బొగ్గు మోసుకొచ్చిన రోడ్డు. నీళ్ల కింద అలాగే ఉంది. అంచున పోసిన మట్టికట్ట అలాగే ఉంది. టైర్ల చాళ్లు కనబడుతున్నాయి. ఇనుప స్తంభానికి బోర్డు కూడా ఉంది, దాని చుట్టూ చేపపిల్లలు తిరుగుతున్నాయి. కొత్తగా చదువు నేర్చిన దాన్ని గదా, ఎక్కడ అక్షరం కనబడ్డా కూడబలుక్కునే రోగం నాకు. "నె-మ్మ-ది-గా" అని పైకే చదివాను. ఎవరూ నవ్వలేదు. రోడ్డు వంపు తిరిగి కిందికి, ఇంకా కిందికి పోయింది. పోయిన కొద్దీ నీలం చిక్కబడి ఒక చోట రోడ్డే లేకుండా పోయింది. ఆకాశంలో మబ్బు కదిలితే ఆ మబ్బు నీడ రోడ్డు మీద నడిచి పోయింది.

ఒడ్డుకు వచ్చాక సర్దారు అన్నాడు: "సారు, గిది చెరువు గాదు. గిది బాయే. బాయిల దిగేటోనికి బిళ్ల ఉండాలె."

బిళ్లంటే ఇత్తడి బిళ్ల, దాని మీద నంబరు. భూమి లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒకటి. పైకి వచ్చాక బిళ్ల తిరిగి తన మేకు మీద పడాలి. మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలున్నట్టు. మా కాలనీ ఆడవాళ్లకు ఆ మాట బాగా తెలుసు. షిఫ్టు వదిలే వేళకు గడపలో కూర్చునేవాళ్లం. మనిషి రావడం ఆలస్యమైతే దారిన పోయేవాళ్లను, "మా ఆయన బిళ్ల వేసిండానే?" అని అడిగేవాళ్లం. సర్దారు భార్య, మా వదినె, అందరికంటే ఎక్కువ కూర్చునేది. సర్దారు అందరినీ పంపించి చివర పైకొచ్చే మనిషి మరి.

తోటసారు నెత్తి కొట్టుకున్నాడు. "కాకా, లైఫ్ జాకెట్లు ఇస్తున్నాం కదా. ఇది పార్కు, గని కాదు. షికారుకు వచ్చేవాళ్ల చేతిలో బిళ్లలు పెడితే నవ్విపోతారు."

సర్దారు వినలేదు. మూతబడ్డ బాయిలో దీపాలు, బిళ్లలు ఇచ్చే ల్యాంపురూములోంచి పాత బిళ్లలు అడిగి తెచ్చుకున్నాడు. చెక్కకు మేకులు కొట్టుకున్నాడు. పడవరేవు గేటు దగ్గర టేబుల్ వేసుకున్నాడు.

ఇంతలో పిడుగు పడింది. పక్క ఓపెన్‌కాస్ట్ పెద్దదవుతోంది, దాని మట్టి పోయడానికి చోటు కావాలి. దగ్గర్లో ఉన్న పెద్ద గుంత మాదే. పెద్దసారు, అంటే ఆ ఏరియా మొత్తానికి పెద్ద, ఒకరోజు జీపులో వచ్చి చూసి తోటసారుతో ఒకటే మాట అన్నాడు. "ఈ ఆదివారం తెరవండి. కుటుంబాలు వచ్చి, పడవ ఎక్కి, ఏ గొడవా లేకుండా పోతే సరే. ఎవరూ రాకపోయినా, ఏదైనా జరిగినా, సోమవారం నుంచి టిప్పర్లు ఇక్కడే మట్టి పోస్తాయి."

ఆయన పోయాక తోటసారును అడిగాను. "సారు, గుంత పూడిస్తే మా సంగతేంది?"

"మీరు పాత పనికే అమ్మా."

పాత పని. బెల్టు. రేకుల షెడ్డు. ఆ రాత్రి దుమ్ము లేకుండానే నాకు దగ్గు వచ్చింది.

ఆదివారం వచ్చింది. జనం రారేమో అనుకున్నాం. పొద్దెక్కేసరికి ఆటోల్లో, సైకిళ్ల మీద, నడిచి, కాలనీలకు కాలనీలు వచ్చాయి. మొగవాళ్లు ఇన్నేళ్లు ఏం చూశారో చూద్దామని ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు. మొగవాళ్లు చింతపండు, గిన్నెలు మోసుకుంటూ వెనకాల. కానీ పడవ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. బాయిలో నీళ్లంటే మా వాళ్లకు మంచి మాట కాదు. బాయిలోకి నీళ్లొచ్చాయంటే కాలనీలో ఏడుపే.

సర్దారు గేటు దాటి పోయాడు. పడవను కర్రతో ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టి చూశాడు. రేవు చెక్కలను కొట్టాడు. పడవాయనతో ఒక్కడే ఒక చుట్టు తిరిగి వచ్చి, జేబులోంచి సుద్దముక్క తీసి పడవ నుదుట గీత గీశాడు. బాయిలో గీసే గీతే.

"ఇగ రాండ్రి," అన్నాడు.

ఆ గీత చూసి కదిలారు. అయినా మొగవాళ్లు ఎక్కలేదు.

"ఏం బావా, నువ్వెక్కవా?" అంది ఒకామె.

"మేము ఇన్నేండ్లు దిగినం. ఇయ్యాల మీరు దిగుండ్రి, మేము చూస్తం."

"భయమని చెప్పరాదు. ఓ సర్దారన్నా, బిళ్ల ఇస్తున్నవు, దీపమియ్యవా?"

"పగటిపూట దీపమెందుకు? బిళ్ల పారేస్తే మాత్రం బయటికి పోనియ్య."

"పోనియ్యకు, నీకు పుణ్యముంటది. వంట తప్పుతది."

నవ్వుకుంటూ ఎక్కారు. కానీ ఇత్తడి బిళ్ల చేతిలో పడగానే ఒక్కొక్కరి ముఖం మారింది. దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఒక ముసలామె కండ్లకద్దుకుంది. ఇన్నేళ్లు దాని మాట వినడమే తప్ప వాళ్లు దాన్ని చేత్తో పట్టింది లేదు.

పడవలో నేను వాళ్లతోనే ఉన్నాను, జాకెట్ల తాళ్లు కట్టే పని నాది. మునిగిన రోడ్డు మీదికి రాగానే పడవాయన ఇంజను ఆపాడు. కిందికి చూడమని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అంతదాకా కోళ్లగంపలా ఉన్న పడవ నిశ్శబ్దమైంది.

"గీ రోడ్డు ఇంకా కిందికి పోతదా?" అంది ఒక పెద్దామె.

"ఇంకా కిందికే అక్కా."

"మా ఆయన గీడనే టిప్పరు నడిపేటోడు," అంది పడుచామె ఒకతి. "కూరల ఉప్పు తక్కువైందని రోజు లొల్లి పెట్టేటోడు గని, గిది ఒక్కనాడు చెప్పలె."

"ఏం చెప్తడు?" అంది పెద్దామె. "గిది చెప్పేటట్టు ఉందా?"

మధ్యాహ్నం దాకా పడవ ఆగలేదు. దిగినవాళ్లు మట్టిగుట్ట ఎక్కి, మంచె మీద నిలబడి, గోదావరి, ఆ ఒడ్డున మంచిర్యాల, ఇటు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, దూరాన రామగిరి గుట్టలు చూసి వచ్చి మళ్లీ వరసలో నిలబడుతున్నారు. పెద్దసారు భార్యతో వచ్చాడు. ఆమె కూడా బిళ్ల తీసుకుని పడవ ఎక్కి తిరిగి వచ్చింది. తోటసారు ముఖం పెండ్లికొడుకులా ఉంది.

భోజనాల వేళకు పడవ ఆపి సర్దారు చెక్క చూసుకున్నాడు. ఒక మేకు ఖాళీ.

ఆయన కండ్లు సరిగా కనబడవని చెప్పాను గదా. చేత్తో మేకులు తడిమాడు. మళ్లీ తడిమాడు. టేబుల్ కింద చూశాడు. లేచి, గేటు మూసి, మెడలోని ఈల తీసి ఊదాడు. ఆ ఈల బాయిలో ఎప్పుడు ఊదుతారో తెలిసినవాళ్లే అక్కడున్నదంతా. వంటల దగ్గర గరిటెలు ఆగిపోయాయి.

"లోపట మనిషుంది," అన్నాడు.

తల్లులు పిల్లలను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకామె ఊరికే ఏడ్చింది. తోటసారు పరుగెత్తుకొచ్చాడు.

"కాకా, ఎవరో మరిచిపోయి కొంగున కట్టుకుని పోయి ఉంటారు."

"పోయుండొచ్చు. గా మనిషిని నా కండ్లకు చూపియ్యాలె. అందాక ఎవ్వరు ఇంటికి పోరు."

పడవాయన గడ తీసుకుని నీళ్లలోకి పోయాడు. ఇద్దరు గట్టు వెంట పోయారు. పెద్దసారు గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఆయన అనకపోవడమే మాకు భయం.

తోటసారు నన్ను పందిరి చాటుకు పిలిచాడు. మిగిలిన బిళ్లలున్న డబ్బా నా దగ్గర ఉండేది. "అమ్మా, ఒక బిళ్ల తీసి ఆ మేకుకు తగిలించెయ్. కాకాకు నంబరు కనబడదు. పెద్దసారు ముందు ఇలా అయితే రేపు టిప్పర్లు వస్తాయి. నీకూ తెలుసు."

తెలుసు. డబ్బా మూత తీశాను. ఒక బిళ్ల నా చేతిలోకి వచ్చింది. బెల్టు మోత చెవుల్లో వినబడింది. నిజం చెప్తున్నాను, ఆ బిళ్ల బరువు చాలా తక్కువ.

"సారు, నీళ్లల్ల ఎవలన్న ఉంటే?" అన్నాను.

"ఉండరమ్మా. ప్రతిసారీ నువ్వే కదా దింపావు."

"దింపిన. అయితే గీ బిళ్ల మీరే తగిలియ్యుండ్రి." ఆయన అరచేతిలో పెట్టాను.

ఆ పిల్లవాడు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. కాసేపటికి బిళ్ల మళ్లీ డబ్బాలో వేసి, మూత తనే పెట్టి, "నేను గట్టు వెంట పోతాను, నువ్వు గుట్ట మీద చూడు" అని పరుగెత్తాడు.

గుట్ట ఎక్కాను. దగ్గుకుంటూ ఎక్కాను. మంచె ఖాళీ. దాని వెనక, వెదురు నీడలో, బాయి మొత్తం కనబడే చోట ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చుంది. మా వదినె. సర్దారు భార్య.

"వదినే, నువ్వెప్పుడొచ్చినవు?"

"రావద్దన్నడు మీ అన్న. నీళ్లంటే నీకు భయమన్నడు. ఆయనే వద్దన్నంక రాకుంట ఎట్లుంట?" నవ్వింది. "ఆయన చేతుల నుంచే బిళ్ల తీసుకున్న. ముఖం చూడలె, చెయ్యి చూసిండు. ముప్పై ఏండ్ల పెండ్లాం చెయ్యి గుర్తుపట్టలె. జాకెటు తాడు నువ్వే కట్టినవు, కొంగు ముసుగుల నువ్వు గూడ గుర్తుపట్టలె."

ఆమె గుప్పిట్లో బిళ్ల మెరిసింది.

"వదినే, కింద ఈల ఇనలేదా? మనిషి మునిగిందని అన్న ఆగమైతుండు."

ఆమె నవ్వు పోయింది. "నా కోసమా?" అంది. "ఏదో వంటలకు పిలుస్తుండ్రనుకున్న. గుంపుల గేటు దాటి వచ్చి గిది చూసుకుంట కూసున్న చెల్లె, బిళ్ల సంగతే మరిచిన. ఎంత ఉందో చూడు. గిసొంటి దాండ్లకు మనుషులను తోలి మనం బియ్యం కడుక్కున్నం."

"ఇయ్యి, నేను ఉరికి తీస్కపోత."

"వద్దు. బిళ్ల ఇంకొకల చేతికి ఇయ్యద్దని ఆయనే చెప్పేటోడు. నేనే వస్త." లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "ఆయన ఏం చేస్తుండు?"

"గేటు కాడ నిలవడ్డడు. నీళ్ల దిక్కే చూస్తుండు."

కాసేపు కిందికి చూసింది. "నేను గడపల కూసున్న దినాలు నీకెరుకనే. నా మోకాళ్లు మంచిగ లేవు, ఉరుకలేను. మెల్లగ దిగుదాం. అన్ని దినాలకు ఒక్కదినమన్న ఆయన ఎదురు చూడనియ్యి."

పైనుంచి కొంగు ఊపి కేకేద్దామనుకున్నాను. గొంతు రాలేదు. దగ్గు వల్లనే అనుకోండి. ఆమె చెయ్యి పట్టుకుని దిగాను.

గేటు దగ్గర జనం రెండు పాయలుగా చీలిపోయారు. సర్దారుకు ముందు చీర రంగు కనబడ్డట్టుంది. తర్వాత మనిషి కనబడింది. ఆయన కర్ర కింద పడింది. ఆమె పోయి గుప్పిట విప్పి ముందుకు చాచింది. ఆయన బిళ్ల తీసుకోలేదు, చెయ్యి పట్టుకున్నాడు. అంతమందిలో.

"నేను వద్దన్న గద," అన్నాడు.

"లోపట మంచిగనే ఉంది. నాకేం భయం కాలె," అంది ఆమె. "నీకెట్లుండె పైన?"



"ఇన్నేండ్లు నాకెరుకలేదు," అన్నాడు. "లోపట ఉండుడే నయం. పైన నిలవడుడు కష్టం."

వెనక ఎవరో ముక్కు చీదారు. మొగవాళ్లు కాళ్ల కింది మట్టి చూశారు. పెద్దసారు వంగి కర్ర తీసి సర్దారుకిచ్చాడు. పెద్దసారూ ఒకప్పుడు బాయి దిగి పైకొచ్చినవాడే. తన భార్య వైపు చూశాడు. ఆమె, "మీరూ చెప్పింది లేదు కదండీ ఎప్పుడూ. నేనే చూసొచ్చాను" అంది. ఆయన తోటసారుతో "బిళ్లలు తీసేయకండి" అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా జీపెక్కాడు.

అది మంచి మాటో చెడ్డమాటో మాకు తెలియలేదు. ఒక పనిలో ఏళ్లు గడిపితే మీకూ తెలుస్తుంది, పెద్దవాళ్లు సగం చెప్పి పోతారు, మిగతా సగం మనం రాత్రంతా పొర్లుతూ వెతుక్కోవాలి. వెతికాను. దొరకలేదు.

సోమవారం పొద్దున నేనే ముందు పోయాను. తోటసారు అప్పటికే రేవు మీద కూర్చుని ఉన్నాడు. చీపురు పట్టుకుని నిన్నటి ఆకులు, విస్తర్లు ఊడ్చాను. అప్పుడు వినబడింది మోత. టిప్పర్లు. రోడ్డు చీలే చోట ఎడమకు తిరిగితే మా గుంత, కుడికి తిరిగితే పక్క బాయి పాత మట్టిదిబ్బ. మొదటి టిప్పరు చీలిక దగ్గర ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. వెనక బండి హారను కొట్టింది. అతను తల లోపలికి తీసుకుని కుడికి తిప్పాడు. వెనకదీ కుడికి. దాని వెనకదీ కుడికే.

దుమ్ము అటు పక్క లేచింది. నీళ్లు కదలలేదు. ఆకాశం మొత్తం వాటిలో ఉంది. ఒక నీటికాకి మునిగింది, అది ఎక్కడ తేలుతుందో అని చూస్తూ నేను చీపురుతో అలాగే నిలబడిపోయాను.

"చెల్లె, చూసింది చాలు గని ఊడువు," అన్నాడు వెనక నుంచి సర్దారు, గేటు తీస్తూ. "మధ్యాన్నం దిగే సెకండ్ షిఫ్టోళ్లు పెండ్లాలను తోలుకొని పొద్దుగాలనే వస్తరట. ఈసారి మొగోళ్లు గూడ ఎక్కుతరట."